మాయా నగరాల నిర్మాణంపై ఐదు టీవీ డాక్యుమెంటరీలు: ఒక సమీక్ష

మధ్య అమెరికా అడవుల్లో మాయా ప్రజలు కట్టిన నగరాల గురించి గత పాతికేళ్లలో చాలా టీవీ డాక్యుమెంటరీలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే మూసలో సాగుతాయి: పొగమంచులో ఒక పిరమిడ్, గంభీరమైన సంగీతం, ఈ మహానగరాలు ఎందుకు పాడుబడ్డాయన్న ప్రశ్న, చివరి ఐదు నిమిషాల్లో ఆ ప్రశ్నకు సగం జవాబు. కట్టడాల మీద ఆసక్తితో చూసేవారికి ఇది చాలదు. రాయి ఎక్కడ తవ్వారు, దేనితో చెక్కారు, సున్నం ఎలా కాల్చారు, నది లేని ఊళ్లో ఎండాకాలమంతా తాగునీరు ఎలా నిలబెట్టుకున్నారు, అర్ధచంద్రాకారపు కమాను లేకుండా కప్పు ఎలా వేశారు అనే ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే కార్యక్రమాలు కొన్నే ఉన్నాయి. పేరున్న ఐదు కార్యక్రమాలను ఆ ఒక్క కొలతతోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను. కట్టినవారి పనితనం ఎంత దగ్గరగా కనిపిస్తే, ఆ డాక్యుమెంటరీకి నా దృష్టిలో అంత విలువ.

ముందుగా కొంత నేపథ్యం అవసరం. నేటి దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్, ఎల్ సాల్వడోర్ దేశాల భాగాల్లో మాయా నగరాలు విస్తరించి ఉన్నాయి. వాటి ఉచ్ఛదశను సుమారు క్రీ.శ. 250 నుంచి 900 వరకు లెక్కిస్తారు గాని, భారీ నిర్మాణాలు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే మొదలయ్యాయి. అవన్నీ ఒకే చక్రవర్తి ఏలుబడిలో ఎన్నడూ లేవు. ఎవరి రాజవంశం, ఎవరి పొత్తులు, ఎవరి పగలు వారికి ఉన్న నగర రాజ్యాలు అవి. రాయి చెక్కడానికి ఇనుము లేదు, బరువు లాగడానికి ఎద్దు గాని గుర్రం గాని లేదు, రవాణాకు చక్రం వాడలేదు. చెకుముకి రాయి, అబ్సిడియన్ అనే అగ్నిపర్వతపు గాజురాయి, గట్టి పచ్చరాతి గొడ్డళ్లు, నుదుటికి పట్టీ తగిలించుకుని వీపున మోసే బరువు, ఇవే వారి సాధన సంపత్తి. చాలాచోట్ల వారికి కలిసివచ్చింది సున్నపురాయి. గనిలో ఉన్నప్పుడు అది మెత్తగా పనికి లొంగుతుంది, బయటపడి గాలి తగిలాక గట్టిపడుతుంది. ఈ సంగతులను ఒక్క వాక్యంలో దాటేసే కార్యక్రమం ఆ తరువాత ఎన్ని పిరమిడ్లు చూపించినా, వాటిని కట్టడానికి పడిన శ్రమ ఎంతటిదో చూసేవారికి అంచనా దొరకదు.

మొదటిది, 2006లో హిస్టరీ చానల్ ప్రసారం చేసిన 'ఇంజనీరింగ్ యాన్ ఎంపైర్' ధారావాహికలోని 'ది మాయా: డెత్ ఎంపైర్' భాగం. దీని వ్యాఖ్యాత పీటర్ వెల్లర్ 'రోబోకాప్' నటుడిగానే చాలామందికి తెలుసు, కానీ ఆయన రోమన్, రినైసాన్స్ కళలను విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనిషి. అందువల్ల కట్టడం ముందు నిలబడి మాట్లాడేటప్పుడు ఎవరో రాసిచ్చిన పాఠం అప్పగిస్తున్నట్టు ఉండదు. కట్టడాన్ని పూజా స్థలంగానో రహస్యంగానో చూపించడంతో ఆగకుండా, పరిష్కరించవలసిన ఒక నిర్మాణ సమస్యగా చూడటం ఈ ధారావాహిక మొత్తానికి ఉన్న గుణం. గ్వాటెమాలాలోని టికాల్ నగరపు ఆలయాల ఎత్తు, మెక్సికోలోని పాలెంకే నగరపు రాజభవనం, నీటి ఏర్పాట్లు ఇందులో ప్రధానంగా వస్తాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ నేటి ప్రమాణాలకు పాతబడినా, గోడను చీల్చి లోపలి అమరిక చూపించే పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది.

కప్పు విషయమే తీసుకుందాం, ఎందుకంటే మాయా వాస్తుకు అదే గుండెకాయ. రోమన్లు వాడిన కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, నడినెత్తిన బిగించిన రాయితో నిలబడతాయి. మాయా మేస్త్రీలు ఆ దారి తొక్కలేదు. ఎదురెదురు గోడలను పైకి లేపుతూ, ప్రతి వరుస రాళ్లను కింది వరుస కంటే కొంచెం లోపలికి జరుపుతూ పోయి, రెండు వైపులూ దగ్గరపడ్డాక పైన ఒక పలకరాయితో మూసేశారు. ముందుకు జరిగిన రాయి లోపలికి ఒరిగిపోకుండా ఆపేది దాని వెనుక గోడలో కూర్చిన రాళ్లు, సున్నపు మిశ్రమాల బరువు. గది వెడల్పు పెరిగితే గోడ మందం కూడా పెరగాలి. అందుకే టికాల్‌లో 47 మీటర్ల ఎత్తున్న మొదటి ఆలయం శిఖరాన కూడా లోపలి గదులు ఇరుకైన నడవల్లా ఉంటాయి. ఏడో శతాబ్దంలో పాలెంకే మేస్త్రీలు ఈ లెక్కను మార్చారు. రెండు కప్పులను పక్కపక్కన వేసి మధ్య గోడను ఉమ్మడి చేశారు, ఆ గోడలో ఖాళీలు వదిలి బరువు తగ్గించారు, బయటి కప్పును వాలుగా కట్టి అనవసరమైన రాయిని తీసేశారు, శిఖరం మీది అలంకారపు గోడను జల్లెడలా పలచన చేశారు. ఫలితంగా గదులు వెడల్పయ్యాయి, గోడలు సన్నబడ్డాయి, లోపలికి వెలుగు వచ్చింది. ఒక ప్రాంతపు మేస్త్రీలు తరం తరువాత తరం ప్రయత్నిస్తూ సాధించిన ప్రగతి ఇది. ఇటువంటి విషయాన్ని మాటల కంటే బొమ్మ బాగా చెబుతుంది కనుక టీవీకి ఇంతకంటే తగిన అంశం ఉండదు.

అయితే ఈ భాగానికి పెట్టిన పేరుతో నాకు పేచీ ఉంది. 'మృత్యు సామ్రాజ్యం' అనడంలో రెండు తప్పులున్నాయి. సామ్రాజ్యం అన్నది లేదు. నెత్తుటి క్రతువులు ఉన్నమాట నిజమే అయినా, ఆ ప్రజలు వందల ఏళ్లపాటు రాయి మోసి, సున్నం కాల్చి, కాలువ తవ్వి బతుకును నిలబెట్టుకున్నారు. గంట వ్యవధిలో, వాణిజ్య ప్రకటనలు పోగా మిగిలిన ముప్పావు గంటలో ఇన్ని నగరాలను చుట్టిరావాలనుకోవడం వల్ల పరుగు కూడా ఎక్కువైంది. నీటి విషయంలో ఇప్పుడు చూసేవారు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది: మాయా జల నిర్మాణాల గురించి మనకు తెలిసిన అత్యుత్తమ సంగతులు ఈ కార్యక్రమం వచ్చాకే వెలుగులోకి వచ్చాయి. వాటిని కింద చెబుతాను.

రెండోది, నా అభిప్రాయంలో అన్నిటికన్నా ఉత్తమమైనది, అమెరికా ప్రజా ప్రసార సంస్థ పీబీఎస్ వారి 'నోవా' కార్యక్రమంలో 2001లో వచ్చిన 'లాస్ట్ కింగ్ ఆఫ్ ది మాయా'. ఇది ఎక్కువగా హోండురాస్‌లోని కోపాన్ అనే ఒక్క నగరం దగ్గరే నిలుస్తుంది. క్రీ.శ. 426లో అక్కడ వంశాన్ని స్థాపించిన యాష్ కుక్ మో అనే రాజు నిజంగా ఉన్నాడా, ఉంటే ఎక్కడ సమాధి అయ్యాడు అనేది దీని కథ. పైకి రాజు కథలా ఉన్నా, దాన్ని వెతికే దారంతా కట్టడం లోపలి నుంచే సాగుతుంది. అందుకే నిర్మాణ శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారికి ఇంజనీరింగ్ అని పేరు పెట్టుకున్న కార్యక్రమాల కన్నా ఇదే ఎక్కువ నేర్పుతుంది.

మాయా రాజులు పాత ఆలయాన్ని వదిలేసి వేరే చోట కొత్తది కట్టడం అరుదు. పాతదాని పైభాగం పడగొట్టి, గదులను రాళ్లతో మట్టితో నింపి, దాన్నే పునాదిగా చేసుకుని పైన మరింత పెద్దది లేపేవారు. కోపాన్‌లోని రాజదుర్గం నాలుగు వందల ఏళ్లపాటు ఇలా ఒకదాని మీద ఒకటిగా పెరిగింది. దాని తూర్పు పక్కను కోపాన్ నది శతాబ్దాలపాటు కోసివేయడంతో ఆ పొరలన్నీ నిలువు కోతలో బయటపడ్డాయి. 1930లలో అమెరికా పరిశోధన సంస్థ కార్నెగీ వారు నదిని మళ్లించి మిగిలినదాన్ని కాపాడారు. ఆ తరువాత పురావస్తు శాస్త్రవేత్తలు దుర్గం కడుపులోకి కొన్ని కిలోమీటర్ల మేర సొరంగాలు తవ్వారు. పై కట్టడాన్ని కదిలించకుండా కింది కట్టడాన్ని చదవడానికి అది తప్ప వేరే మార్గం లేదు. కెమెరా ఆ ఇరుకు సొరంగాల్లోకి వెళ్లి, ఒక గోడ మీది గచ్చు ఎక్కడ ఆగిందో, దాని మీద మరో నేల ఎక్కడ మొదలైందో చూపించినప్పుడు, ఒక నగరం కాలక్రమంలో ఎలా పైకి లేచిందో చూసేవారికి ఇట్టే బోధపడుతుంది.

ఈ సొరంగాల్లో దొరికినవాటిలో రోసలీలా అనే ఆలయం ప్రత్యేకమైనది. 1989లో హోండురాస్ పురావస్తు శాస్త్రవేత్త రికార్డో అగుర్సియా దాన్ని పదహారో ఆలయం అడుగున కనుగొన్నారు. ఆరో శతాబ్దానికి చెందిన ఈ మూడంతస్తుల కట్టడాన్ని ఆనాటివారు మిగతావాటిలా పడగొట్టలేదు. దాని మీద తెల్లని సున్నపు పూత పూసి, గదులను జాగ్రత్తగా నింపి, గచ్చుతో మలచిన పెద్ద దేవతా ముఖాలతో సహా చెక్కుచెదరకుండా పాతిపెట్టారు. ఆ పూత కింద ఎర్ర రంగు ఇప్పటికీ ఉంది. మాయా నగరమంటే బూడిద రంగు రాళ్ల గుట్ట అనే ఊహ మనలో స్థిరపడింది. గచ్చు రాలిపోయిన అస్థిపంజరాన్ని చూసి మనం అలా అనుకుంటున్నాం. అసలు నగరం నేల నుంచి శిఖరం దాకా సున్నపు గచ్చుతో నున్నగా, చాలాచోట్ల ఎర్రగా మెరిసేది. కోపాన్ మ్యూజియంలో రోసలీలాకు అదే పరిమాణంలో, అవే రంగులతో కట్టిన నమూనా ఉంది. హోండురాస్ దాకా వెళ్లగలిగినవారు అసలు సొరంగంతోపాటు దాన్నీ తప్పక చూడాలి.

రోసలీలా కింద మరికొన్ని పొరల అడుగున హునాల్ అని పేరు పెట్టిన చిన్న కట్టడంలో ఒక సమాధి ఉంది. అందులోని ఎముకలను ఆ రంగంలో నిపుణురాలైన జేన్ బుయిక్‌స్ట్రా పరిశీలించారు. యాభై దాటిన పురుషుడు, ముంజేతికి దెబ్బను అడ్డుకున్నప్పుడు విరిగిన గుర్తు, ఎముకల రసాయన పరీక్షను బట్టి బాల్యం కోపాన్‌లో గడవలేదు. 776లో పదహారో రాజు ప్రతిష్ఠించిన రాతి పీఠం మీద, పదహారు మంది రాజుల వరుసలో మొదటివాడైన యాష్ కుక్ మో ముంజేతికి చిన్న డాలుతో కనిపిస్తాడు. శాసనం, శిల్పం, ఎముక, కట్టడపు పొర, ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర కలుసుకోవడాన్ని ఈ డాక్యుమెంటరీ తొందర లేకుండా, ఆధారం తరువాత ఆధారంగా పేర్చుతుంది. ఎక్కడా గొంతు పెంచదు. శాస్త్రవేత్తలు తమలో తాము సందేహపడే సందర్భాలను కూడా వదలకుండా చూపించడం నాకు చాలా నచ్చింది. దీనికి వయసు మీదపడిన మాట నిజమే. చిత్రం స్పష్టత తక్కువ, కొన్ని నిర్ధారణలను తరువాతి పరిశోధన సవరించింది. అయినా పద్ధతి నేర్చుకోవడానికి దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు.

మూడోది 2008లో అదే 'నోవా'లో వచ్చిన 'క్రాకింగ్ ది మాయా కోడ్'. ఇది లిపి గురించిన కార్యక్రమం కాబట్టి ఈ జాబితాలో ఎందుకని అడగవచ్చు. మాయా కట్టడం మీద అది ఎవరిదో, ఏ రోజు ప్రతిష్ఠ జరిగిందో సాధారణంగా చెక్కి ఉంటుంది. ఆ రాత చదవడం రానంతకాలం కట్టడ చరిత్ర అంతా ఊహాగానమే. ఈ కథలో కీలకమైన తతియానా ప్రోస్కురియాకోఫ్ వృత్తి విద్యలో వాస్తుశిల్పి. ఉద్యోగాలు దొరకని 1930లలో ఆమె గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ శిథిలాలను కొలిచి, అవి కట్టిన రోజుల్లో ఎలా ఉండేవో గీయడానికి వెళ్లారు. ఒక్కో కట్టడం ముందు నిలిపిన శిలాఫలకాల మీది తేదీలను వరుసగా పేర్చి చూసిన ఆమె, ఏ గుంపులోని తేదీలైనా ఒక మనిషి జీవితకాలాన్ని మించడం లేదని గమనించారు. అవి దేవతల లెక్కలు కావని, రాజుల పుట్టుక, పట్టాభిషేకం వంటి ఘట్టాలని 1960లో నిరూపించారు. కొలబద్ద పట్టుకున్న మనిషి చరిత్రను తిరగరాసిన సందర్భం అది. సోవియట్ పండితుడు యూరి క్నొరొజొవ్ 1952లో ఆ లిపిలో ధ్వని సంకేతాలున్నాయని చెప్పిన భాగం కూడా బాగా తీశారు. కట్టడాల కోసం మాత్రమే చూసేవారు దీన్ని మొదటగా కాక, కోపాన్ కార్యక్రమం చూశాక చూస్తే ఎక్కువ అర్థమవుతుంది.

నాలుగోది, 2018 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ ప్రసారం చేసిన 'లాస్ట్ ట్రెజర్స్ ఆఫ్ ది మాయా స్నేక్ కింగ్స్'. ఆల్బర్ట్ లిన్ దీనికి కథానాయకుడు. గ్వాటెమాలా ఉత్తర భాగంలోని అడవి మీద విమానం నుంచి లేజర్ కిరణాలు ప్రసరింపజేసి నేల రూపాన్ని కొలిచిన లైడార్ సర్వే దీని ముడిసరుకు. విమానం నుంచి వదిలిన లక్షలాది కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగి వస్తాయి; కంప్యూటర్ చెట్ల కొలతలను తీసేసి నేలను మాత్రమే మిగులుస్తుంది. పచ్చటి అడవి తెర మీద చెరిగిపోయి, కింద నుంచి దారులు, మెట్ల పొలాలు, కాలువలు, కోట గోడలు, ఇళ్ల అరుగులు పైకి తేలే దృశ్యం చూసినప్పుడు మనసు ఉప్పొంగుతుంది. టీవీ ప్రేక్షకుడికి ఈ విజ్ఞానాన్ని ఇంత సూటిగా అందించిన కార్యక్రమం అంతకుముందు లేదని చెప్పవచ్చు. పిరమిడ్ల చుట్టూ ఊరు ఉందని, ఊరి చుట్టూ సాగు ఉందని, ఊళ్లను కలుపుతూ ఎత్తైన రహదారులున్నాయని ఇది స్థిరంగా మనసులో నాటుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. కార్యక్రమం ఫిబ్రవరిలో వచ్చింది, పరిశోధకుల పత్రం 'సైన్స్' పత్రికలో వెలువడింది సెప్టెంబరులో. ఆ సర్వే విస్తీర్ణం 2,144 చదరపు కిలోమీటర్లు, గుర్తించిన కట్టడాలు 61,480. మాయా లోతట్టు ప్రాంతంలో క్రీ.శ. ఏడు, ఎనిమిదో శతాబ్దాల్లో జనాభా 70 లక్షల నుంచి 1.1 కోట్ల మధ్య ఉండవచ్చని పత్రం అంచనా వేసింది. ప్రసారమైన రోజుల్లో మాత్రం కోటి నుంచి కోటిన్నర అనే మాట పత్రికల్లో తిరిగింది. తోటి పండితుల పరిశీలన పూర్తికాకముందే అంకెలు తెరకెక్కితే జరిగేది ఇదే. పైగా పేరులో 'నిధులు', 'సర్ప రాజులు' చేర్చడంతో కథ ఆ సర్ప రాజుల నగరమైన కాలక్‌ముల్, టికాల్ వంశాల యుద్ధాల వైపు, సమాధుల వైపు పరుగెత్తింది. లైడార్ బయటపెట్టిన అసలు నిధి మెట్ల పొలాలూ, బురద నేలల్లోని కాలువలూ కదా! వాటిని ఎవరు తవ్వారు, పూడిక ఎవరు తీశారు, నీటి పంపకం ఎలా జరిగింది అన్న ప్రశ్నలకు ఇంకొంత సమయం ఇచ్చి ఉండవలసింది. బెలీజ్‌లోని కరకోల్ దగ్గర 2009లోనే పురావస్తు శాస్త్రవేత్తలైన ఛేజ్ దంపతులు సుమారు 200 చదరపు కిలోమీటర్ల మేర లైడార్‌తో కొలిచి, కొండవాలులంతా మెట్ల సాగేనని చూపించిన సంగతి తెలిసినవారికి, ఇది ఒక్కసారిగా ఊడిపడిన అద్భుతం కాదని, పదేళ్ల క్రమమైన పని అని అర్థమవుతుంది.

ఐదోది, ప్రాచీన కట్టడాల వెనుక గ్రహాంతరవాసులున్నారని చెప్పే హిస్టరీ చానల్ వారి 'ఏన్షియంట్ ఏలియన్స్'. దీన్ని తప్పించుకోవడం కష్టం కాబట్టి ప్రస్తావిస్తున్నాను. పాలెంకేలో పకాల్ రాజు శవపేటిక మూతరాయి మీది బొమ్మను అంతరిక్ష నౌక నడుపుతున్న మనిషిగా చెప్పే వాదానికి ఈ ధారావాహిక పదేపదే వేదిక ఇచ్చింది. ఆ రాయి మీద, దాని అంచుల మీద ఉన్న శాసనాన్ని ఇప్పుడు పండితులు చదవగలరు: 603లో పుట్టి, 615లో గద్దెనెక్కి, 683లో మరణించిన రాజు అతను. బొమ్మలో అతని వెనుక పైకి లేచిన చెట్టు మాయా విశ్వాసంలోని లోకవృక్షం, కింద తెరుచుకున్న నోరు పాతాళానిది. అబద్ధం చెప్పిందన్న కోపం కంటే, ఆ పేటిక ఉన్న ఆలయం అసలు కథ దీనివల్ల మరుగున పడుతోందన్న బాధ నాకు ఎక్కువ.

ఆ అసలు కథ ఏమిటంటే, మెక్సికో పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ శాసనాల ఆలయం నేలలోని ఒక పలకరాయికి మూసివేసిన రంధ్రాలుండటం గమనించి దాన్ని లేపించాడు. కింద రాళ్లూ సున్నంతో కావాలనే పూడ్చిన మెట్లదారి బయటపడింది. దాన్ని ఖాళీ చేయడానికి కొన్ని తవ్వకాల కాలాలు పట్టాయి. 1952 జూన్‌లో, ఆలయం నేలకు సుమారు 25 మీటర్ల లోతున సమాధి గది తెరుచుకుంది. అక్కడి రాతిపేటిక ఆ మెట్లదారిలో పట్టదు. అంటే దాన్ని ముందు అక్కడ నిలిపి, గదిని చుట్టూ కట్టి, ఆ తరువాతే పైన పిరమిడ్ లేపారు. తన మీద పడబోయే మొత్తం బరువును మోయడానికి గది కప్పుకు అడ్డంగా రాతి దూలాలు బిగించారు. సమాధి నుంచి మెట్ల వెంట పై ఆలయం దాకా ఒక సన్నని గొట్టం లాంటి దారి వదిలారు. నిర్మాణ క్రమం ముందే ఆలోచించుకోకుండా ఇలాంటిది కట్టడం అసాధ్యం. ఈ ఘనత కట్టినవారి దగ్గర నుంచి లాక్కుని ఎక్కడివారికో అంటగట్టే కార్యక్రమాన్ని పిల్లలతో కలిసి చూడవద్దని నా గట్టి సలహా.

ఇక ఈ ఐదింటిలోనూ చాలినంతగా లేనివి చెప్పాలి. మొదటిది నీరు. టికాల్ దగ్గర నది లేదు. ఏడాదిలో నెలల తరబడి వాన ఉండదు. అందుకని నగరం మధ్యలోని బహిరంగ స్థలాలన్నిటికీ గచ్చు చేసి, వాననీరు వాలుగా జలాశయాల్లోకి పారేలా కట్టుకున్నారు. 2012లో ప్రచురితమైన పరిశోధన అక్కడి రాతికట్టను సుమారు 80 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తుగా, అది ఆపగలిగిన నీటిని 7.5 కోట్ల లీటర్లుగా లెక్కకట్టింది. నీరు వడగట్టడానికి ఇసుక వాడిన ఆనవాళ్లూ దొరికాయి. 2020లో అదే నగరంలోని కొరియెంటల్ జలాశయంలో జియోలైట్ అనే ఖనిజం, స్ఫటిక ఇసుక బయటపడ్డాయి. నీటిలోని సూక్ష్మజీవులను, మలినాలను పట్టి ఉంచే ఈ ఖనిజాన్ని రెండు వేల ఏళ్ల క్రితమే సుమారు 30 కిలోమీటర్ల దూరం నుంచి మోసుకొచ్చారని పరిశోధకులు భావిస్తున్నారు. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనం, రాజభవనం పక్కనున్న జలాశయాల్లో పాదరసం, విషపు నాచు పేరుకున్నాయని తేల్చింది. పాదరసం మూలం భవనాలకు పూసిన ఎర్ర రంగులోని ఇంగిలీకం. నగరానికి అందం తెచ్చిన రంగే వానతో కడిగి తాగునీటిలో చేరిందన్నమాట. పాలెంకేలో సమస్య దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ ఊటలు ఎక్కువ, చదును నేల తక్కువ. వాగును రాతి కప్పు వేసిన కాలువలో బంధించి దాని మీదుగా బహిరంగ స్థలం పరిచారు. అక్కడి పియెద్రాస్ బోలాస్ కాలువ వాలు మీద దిగుతూ 10 చదరపు అడుగుల నుంచి అర చదరపు అడుగుకు సన్నబడుతుంది. ఆ ఒత్తిడితో నీరు సుమారు 6 మీటర్ల ఎత్తుకు లేవగలదని 2010లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. చెరువు కట్ట, తూము, అలుగు చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకులకు ఈ ఒక్క అంశం మీదే పూర్తి గంట కార్యక్రమం వచ్చినా విసుగనిపించదు.

రెండోది సున్నం. మాయా నగరాల్లో నేల, గోడ, రహదారి, జలాశయం అడుగు, అన్నిటి మీదా సున్నమే. సున్నపురాయిని 800 డిగ్రీలకు పైగా కాల్చాలి, అందుకు అడవిని నరకాలి. ఈ ఖర్చు ఎంతటిదో తెర మీద ఒక బట్టీ పేర్చి, అంటించి, చూపిస్తే తప్ప మనసుకెక్కదు. 2023లో స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయం పరిశోధకులు కోపాన్ గచ్చు అంత మన్నికగా ఉండటానికి, అందులో స్థానిక చెట్ల బెరడు నుంచి తీసిన జిగురు రసం కలపడం కారణమని చూపించారు. కోపాన్ ప్రాంతంలో సంప్రదాయం తెలిసిన తాపీపనివారి మాట విని పరిశోధకులు ఆ చెట్లను ఎంచుకున్నారు. మన దగ్గర గానుగలో రుబ్బిన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన పాత మేస్త్రీలకు ఈ సంగతి కొత్తగా తోచదు. అలాగే టికాల్ ఆలయాల గుమ్మాల మీద శిల్పాలు చెక్కిన దూలాలు సపోటా చెక్కవి. మనం బజారులో కొనే సపోటా పండు కాసే చెట్టే అది. పన్నెండు వందల ఏళ్ల తరువాత కూడా ఆ దూలాల్లో కొన్ని నిలిచి ఉన్నాయి. నాలుగో ఆలయం నుంచి తీసిన కొన్నిటిని 19వ శతాబ్దంలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు తరలించారు.

మూడోది మనుషులు. మాయా ప్రజలు అంతరించిపోయారని చెప్పకనే చెప్పే ధోరణి ఈ కార్యక్రమాల్లో చాలావాటికి ఉంది. లక్షల మంది మాయావారు నేడు గ్వాటెమాలాలో, మెక్సికోలో సుమారు ముప్పై మాయా భాషలు మాట్లాడుతూ జీవిస్తున్నారు. తవ్వకాల్లో పార పట్టేది, సొరంగంలో మట్టి మోసేది చాలాచోట్ల వారే. రాయి గుణం, చెట్టు గుణం తెలిసిన ఆ పనివారిని కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించిన నిమిషాలు అన్ని కార్యక్రమాల్లో కలిపినా చాలా తక్కువ. 2020లో మెక్సికోలోని తబాస్కో రాష్ట్రంలో బయటపడిన అగువాదా ఫెనిక్స్ అనే వేదిక దాదాపు 1,400 మీటర్ల పొడవు, 10 నుంచి 15 మీటర్ల ఎత్తు. క్రీ.పూ. 1000, 800 మధ్య కట్టిన దాని దగ్గర బలమైన రాజు ఉన్న గుర్తులు కనిపించలేదని పురావస్తు శాస్త్రవేత్త తకేషి ఇనొమాత బృందం చెబుతోంది. రాజాజ్ఞ లేకుండా అంతమంది కలిసి అంత మట్టి ఎందుకు మోశారో అడిగే డాక్యుమెంటరీ కోసం నేను ఎదురుచూస్తున్నాను.

భాష గురించి ఒక సూచన. ఇలాంటి కార్యక్రమాలు కొన్ని తెలుగు వ్యాఖ్యానంతోనూ దొరుకుతాయి, పిల్లలకూ పెద్దలకూ అది మేలే. కానీ నేను చూసిన ఒక అనువాదంలో శాస్త్రవేత్త మాట, వ్యాఖ్యాత మాట ఒకే గొంతులో కలిసిపోయి, ఏది ఆధారం ఉన్న నిర్ధారణో, ఏది కథకుడి ఉత్సాహమో తెలియకుండా పోయింది. వీలైతే మూలాన్ని ఉపశీర్షికలతో చూడటం మంచిది.

ఒక్కటే చూడగలిగినవారు కోపాన్ మీది 'లాస్ట్ కింగ్ ఆఫ్ ది మాయా' చూడండి. రెండు చూడగలిగితే దాని తరువాత లైడార్ కార్యక్రమం చూడండి, అంకెల విషయంలో మాత్రం పైన చెప్పిన సవరణ గుర్తుంచుకోండి. సివిల్ ఇంజనీరింగ్, వాస్తుశిల్పం చదువుతున్న విద్యార్థులకు 'ఇంజనీరింగ్ యాన్ ఎంపైర్' భాగం కప్పుల కోసం, అమరిక కోసం ఉపయోగపడుతుంది; ఆ పేరును పట్టించుకోకుండా, పాలెంకే భాగం దగ్గర ఆపి, గోడ మందం, గది వెడల్పు కాగితం మీద గీసుకుంటూ చూస్తే మరింత మంచిది.